తాత ఎక్కిన రైలు

మా ఊరు కాణిపాకం. చిత్తూరుకు సుమారు పన్నెండు కిలోమీటర్ల దూరంలో, బాహుదా నది ఒడ్డున ఉంది. మా ఊరి వినాయకుడి పేరు వినని తెలుగువాళ్ళు అరుదు. ఆయన బావిలో వెలసిన దేవుడు. ఆయనకు ప్రమాణాల దేవుడని కూడా పేరు. ఇద్దరి మధ్య తగాదా వచ్చి, ఎవరు చెప్పేది నిజమో తేలకపోతే, “కాణిపాకంలో ప్రమాణం చేస్తావా?” అంటారు. కోనేటిలో మునిగి, తడిబట్టలతో ఆ దేవుడి ముందు నిలబడి అబద్ధం చెప్పటానికి ఎంత మొండివాడికైనా గుండె చాలదని మా వైపు నమ్మకం.

అటువంటి ఊళ్ళో పుట్టి, పదేళ్ళ వయసులో నేను ఒక పెద్ద అబద్ధం ఆడాను. అది రైలును గురించిన అబద్ధం.

మా ఊరికి రైలు లేదు. చిత్తూరుకు పోతే చిన్న రైలు కనబడేది. అది కాట్పాడికీ పాకాలకూ మధ్య నడిచే మీటరు గేజి బండి. దాని పట్టాల మధ్య ఎడం సరిగ్గా ఒక మీటరు. కాట్పాడిలో నిలబడితే పెద్ద రైళ్ళు కనబడేవి. వాటి పట్టాల మధ్య ఎడం ఒక మీటరు, 67.6 సెంటీమీటర్లు. ఆ తేడా అంకెల్లో చిన్నదే గాని, చిన్న బండి పక్కన పెద్ద బండిని చూస్తే మేకపిల్ల పక్కన ఏనుగును చూసినట్టుండేది.

మా తాత ఆ ఏనుగు మీద తిరిగినవాడు. ఆయన 1936లో, ఇరవై ఏళ్ళ వయసులో మద్రాసుకు పోయి రైల్వేలో చేరాడు. మద్రాసుకూ ఢిల్లీకీ మధ్య నడిచే గ్రాండ్ ట్రంక్ ఎక్స్‌ప్రెస్‌లో పనిచేశాడు. అందరూ దాన్ని జీ.టీ. అనేవారు. ఏడాదికి రెండు మూడుసార్లు ఊరికి వచ్చి, నాలుగు రోజులుండి వెళ్ళిపోయేవాడు. 1974లో, యాభై ఎనిమిదేళ్ళు నిండి ఉద్యోగం నుంచి విరమించి, ఇంటికి వచ్చాడు. ఆయన వెంట ఒక ఇనప పెట్టె వచ్చింది. అందులో రెండు జతల తెల్ల యూనిఫారాలు, వాటికి మెరిసే ఇత్తడి బొత్తాలు, ఒక అలారం గడియారం ఉన్నాయి.

ఆ బొత్తాలను చూసి మా తాత గొప్ప ఆఫీసరయి ఉంటాడని నేను అనుకున్నాను. అనుకుని ఊరుకోక, బడిలో అందరికీ చెప్పాను. “జీ.టీ. ఎక్స్‌ప్రెస్‌కు మా తాతే ఆఫీసరు. ఆయన చెయ్యి ఊపితేగాని బండి కదలదు!” అన్నాను.

మా తరగతిలో ఒకడికి నా మాట మీద నమ్మకం కుదరలేదు. “అట్లయితే కోనేటి దగ్గర ప్రమాణం చెయ్యి,” అన్నాడు.

సాయంకాలం పదిమంది పిల్లలం కోనేటికి పోయాం. నేను చొక్కా విప్పి రెండు మెట్లు దిగాను. నీళ్ళు కాలివేళ్ళకు తగిలాయి. మూడో మెట్టు దిగటానికి కాళ్ళు ఆడలేదు. తాత నిజంగా ఏం పనిచేశాడో నాకు తెలియదు. నేను ఆయన్ని ఎన్నడూ అడగలేదు. ఆ సంగతి అప్పుడే నా బుద్ధికి తట్టింది. చొక్కా చంకన పెట్టుకుని, వెనక్కి తిరిగి చూడకుండా ఇంటికి పరిగెత్తాను. వెనక నుంచి పిల్లల కేకలూ, నవ్వులూ వీధి మలుపు దాకా వినబడ్డాయి.

రాత్రి అన్నాలయినాక తాత దగ్గర చేరి, “తాతా, నువ్వు రైల్లో ఏం చేసేవాడివి?” అని అడిగాను.

“మొదటి తరగతి పెట్టెలో అటెండెంటును. అంటే ఏమో తెలుసునా? పడకలు పరిచేవాణ్ణి. నీళ్ళు తెచ్చి ఇచ్చేవాణ్ణి. బూట్లు తుడిచేవాణ్ణి. తెల్లవారుజామున దిగవలసిన వాళ్ళను వేళకు లేపేవాణ్ణి,” అన్నాడు తాత.

నా మొహం చిన్నబోయింది. కోనేటి సంగతి అప్పటికే ఆయన చెవిని పడిందట. కోప్పడతాడని అనుకున్నాను. ఆయన కోప్పడలేదు. “నువ్వు అబద్ధమాడినావని నాకు కోపం లేదురా, అబ్బోడా. పిల్లలు అబద్ధాలాడతారు. కానీ నేను చేసిన పని పేరు చెబితే నీ మొహం ఎట్లా అయిపోయిందో చూడు. అది నాకు కష్టంగా ఉంది,” అన్నాడు.

ఆ మాట నాకు దెబ్బ కంటే గట్టిగా తగిలింది.

మర్నాడు తాత తానే బయలుదేరి కోనేటి గట్టుకు వచ్చాడు. పిల్లలందరినీ పిలిచి మెట్ల మీద కూచోబెట్టాడు. “మావాడు చెప్పింది తప్పు. నేను ఆఫీసరును కాదు. ఇప్పుడు నేను చెప్పేది నిజం. వినండి,” అని మొదలుపెట్టాడు. దీపాలు పెట్టే వేళ దాటినా ఒక్క పిల్లవాడు కూడా లేచి ఇంటికి పోలేదు. ఆయన చెప్పినదానిలో కొంతా, తరువాత నేను చదివి తెలుసుకున్నది కొంతా కలిపి మీకు చెబుతాను.

జీ.టీ. 1929లో మొదలయింది. అప్పట్లో అది అరేబియా సముద్రపు ఒడ్డున ఉన్న మంగళూరు నుంచి, ఆఫ్‌ఘనిస్తాన్ సరిహద్దుకు దగ్గర్లో ఉన్న పెషావరు దాకా పోయేది. ఆ ప్రయాణానికి సుమారు 104 గంటలు, అంటే నాలుగు రోజులకు పైగా పట్టేది. కాజీపేటకూ బల్హార్షాకూ మధ్య రైలుదారి పూర్తికావటంతో దక్షిణదేశం నుంచి మన తెలుగునేల మీదుగా తిన్నగా ఢిల్లీకి పోవటానికి వీలయింది. ఆ తరువాత కొంతకాలం ఆ బండి లాహోరుకూ మెట్టుపాళయానికీ మధ్య నడిచి, చివరకు మద్రాసు, ఢిల్లీల మధ్య స్థిరపడింది. పెషావరూ లాహోరూ ఇప్పుడు పాకిస్తాన్‌లో ఉన్నాయి. మద్రాసు పేరు 1996లో చెన్నై అయింది. జీ.టీ. మాత్రం నేటికీ నడుస్తూనే ఉంది.

తాత చేరిన రోజుల్లో పెద్ద తరగతి పెట్టెలు ఇప్పటి పెట్టెల మాదిరిగా ఉండేవి కావు. ఒక పెట్టెలో నుంచి ఇంకొక పెట్టెలోకి పోవటానికి దారి ఉండేది కాదు. ప్రతి గదికీ తలుపు బయటికే. భోజనాల పెట్టెకు పోవాలంటే స్టేషనులో బండి ఆగినప్పుడు దిగి, ప్లాట్‌ఫారం మీద నడిచి, అందులో ఎక్కాలి. తిన్న తరువాత మళ్ళీ బండి ఎక్కడైనా ఆగేదాకా అందులోనే కూచోవాలి! లేదా ఒక స్టేషనులో భోజనం కావాలని చెబితే, ముందు స్టేషనుకు తంతి వెళ్ళేది. బండి అక్కడికి చేరేసరికి పళ్ళెం సిద్ధంగా ఉండేది. దొరలు కూడా తమ పరుపుచుట్టలు తామే తెచ్చుకునేవారు. వాటిని విప్పి పరచటం, మళ్ళీ చుట్టి పట్టీలు బిగించటం మా తాత పని.

“ఎండాకాలంలో ఏం చేసేవారు తాతా?” అని ఒక పిల్లవాడు అడిగాడు.

“కిటికీలకు వట్టివేళ్ళ తడికలు కట్టి నీళ్ళు చల్లేవాళ్ళం. డబ్బున్నవాళ్ళు ఐసుగడ్డ కొనుక్కునేవాళ్ళు. రేకు తొట్టెలో మంచపుకోడంత ఐసుగడ్డ పెట్టి, గది మధ్య ఉంచి, పైన ఫ్యాను తిప్పేవాళ్ళం,” అన్నాడు తాత.

ఐసుగడ్డ గదిని ఎట్లా చల్లబరుస్తుంది? ఒక గ్రాము ఐసు కరిగి నీరు కావటానికి 80 కేలరీల వేడి కావాలి. అదే వేడితో ఒక గ్రాము నీటిని సున్నా డిగ్రీల నుంచి 80 డిగ్రీల దాకా కాచవచ్చు. అంత వేడినీ ఐసు గదిలోని గాలి నుంచే లాక్కుంటుంది. అందుకే గాలి చల్లబడుతుంది. ఈ సూత్రం మీదనే 1934లో, బొంబాయికీ పెషావరుకూ మధ్య నడిచే ఫ్రాంటియర్ మెయిలులో, పెట్టె అడుగున ఐసు నింపి, దాని మీదుగా గాలిని లోపలికి పంపారు. మన దేశంలో రైలు పెట్టెను చల్లబరచిన మొదటి ఏర్పాట్లలో అది ఒకటి. దారిలో ఐసు కరిగిపోతే మళ్ళీ నింపుకోవలసిందే.

రైల్లో ఇంటి సుఖం కల్పించాలన్న ఆలోచన అంతకు చాలా ముందే అమెరికాలో పుట్టింది. పుల్‌మన్ అనే ఆయన పగలు సోఫాలుగానూ, రాత్రి పడకలుగానూ మారే పెట్టెలు చేయించి, 1867లో ఒక కంపెనీ పెట్టాడు. వాటిని చూసి ముచ్చటపడిన బెల్జియం దేశస్థుడు నాగెల్‌మాకర్స్ యూరపులో అటువంటివే ప్రవేశపెట్టాడు. ప్రసిద్ధికెక్కిన ఓరియంట్ ఎక్స్‌ప్రెస్ ఆయనదే. అది 1883 అక్టోబరు 4న పారిస్ నుంచి బయలుదేరింది. లోపల నగిషీ చెక్కలు, పట్టు తెరలు, వెండి చెంచాలు. అయితే తమాషా ఏమిటంటే, ఆ రైలు మొదట్లో గమ్యం దాకా పోనేలేదు. ప్రయాణికులు దారిలో దిగి, డాన్యూబ్ నదిని పడవలో దాటి, మరో రైలెక్కి, చివరకు ఓడ మీద ఇస్తాంబుల్ చేరారు. దారి పొడవునా పట్టాలు పడటానికి 1889 దాకా పట్టింది.

పుల్‌మన్ పెట్టెల్లో పడకలు పరిచినవాళ్ళు ఎవరో తెలుసునా? అమెరికాలో బానిసత్వం 1865లో రద్దయింది. అంతదాకా బానిసలుగా బతికిన నల్లవారిని పుల్‌మన్ కంపెనీ ఈ పనికి పెట్టుకుంది. ప్రయాణికులు వారిని సొంత పేర్లతో పిలిచేవారు కారు. యజమాని పేరు జార్జి పుల్‌మన్ కదా, అందుచేత పనివాళ్ళనందరినీ “జార్జి” అనే పిలిచేవారు! ఆ పనివాళ్ళు రాండాల్ఫ్ అనే ఆయన నాయకత్వాన 1925లో సంఘం పెట్టుకుని, పన్నెండేళ్ళు పోరాడి, 1937లో కంపెనీ చేత ఒప్పందం రాయించుకున్నారు. ఆ సంగతి నేను పెద్దవాణ్ణయినాక చదివాను. చదవగానే మా తాత కోనేటి గట్టు మీద చెప్పిన మాట గుర్తుకు వచ్చింది.

“నన్ను అందరూ ‘బోయ్’ అనే పిలిచేవాళ్ళు. అంటే పిల్లవాడా అని అర్థం. చేరిన రోజున బోయ్‌నే. తల నెరిసినాక కూడా బోయ్‌నే. ముప్పై ఎనిమిదేళ్ళు నాకు వయసు రాలేదు!” అని తాత నవ్వాడు. మేమూ నవ్వాం.

నా మీద అనుమానపడిన పిల్లవాడే అప్పుడు ఇంకొక ప్రశ్న వేశాడు. “తాతా, అంతమందికి పడకలు పరిచినావు గదా, నువ్వు ఒక్కసారైనా వాటి మీద పండుకున్నావా?”

తాత కాసేపు మాట్లాడలేదు. “లేదు నాయనా. నాకు తలుపు దగ్గర ఒక చిన్న బల్ల ఉండేది. దాని మీద కూచుని, గడియారం వొళ్ళో పెట్టుకుని మేలుకునేవాణ్ణి. నేను నిద్రపోతే దిగవలసినవాళ్ళు దిగరు గదా! వంతెన శబ్దాన్నిబట్టి బండి ఎక్కడుందో నాకు తెలిసేది. పెన్న ఒక తీరుగా మోగుతుంది. కృష్ణ ఒక తీరుగా మోగుతుంది. గోదావరి వేరు. నర్మద వేరు. కళ్ళు మూసుకుని చెబుతాను,” అన్నాడు.

ఆ రాత్రి నేను పలక మీద ఒక లెక్క వేశాను. మద్రాసు నుంచి ఢిల్లీకి సుమారు 2,180 కిలోమీటర్లు. తాత నెలకు రెండుసార్లు మాత్రమే పోయి వచ్చాడనుకున్నా, నెలకు 8,720 కిలోమీటర్లు. ఏడాదికి 1,04,640. ముప్పై ఎనిమిదేళ్ళకు 39,76,320 కిలోమీటర్లు! భూమి నుంచి చంద్రుడికి సగటు దూరం 3,84,400 కిలోమీటర్లు. అంటే మా తాత చంద్రుడి దాకా అయిదుసార్లు పోయి తిరిగి వచ్చాడన్నమాట. ఒక్కొక్క ప్రయాణానికి రెండు రాత్రుల చొప్పున లెక్కవేస్తే 3,648 రాత్రులు. అన్ని రాత్రులూ ఆయన చిన్న బల్ల మీద కూచుని మేలుకున్నాడు.

మర్నాడు తెల్లవారకముందే లేచి, ఒక్కణ్ణే కోనేటికి పోయాను. ఈసారి మూడో మెట్టు దిగాను. నాలుగోదీ దిగాను. మూడు మునకలు వేసి, “స్వామీ, నేను పెద్దవాణ్ణయినాక తాతను మంచి రైల్లో, మంచి పడక మీద పండుకోబెట్టి ఢిల్లీకి తీసుకుపోతాను. ఇది నిజం,” అని ప్రమాణం చేశాను. ఈ సంగతి ఎవరికీ చెప్పలేదు.

ఆ ప్రమాణం తీర్చుకోవటానికి నాకు ఇరవై ఏళ్ళు పట్టింది. చదువు పూర్తిచేసి, బడిపంతులుగా చేరి, చెల్లెళ్ళ పెళ్ళిళ్ళయినాక చేతిలో నాలుగు డబ్బులు నిలిచేసరికి 1995 వచ్చింది. తాతకు డెబ్బైతొమ్మిదేళ్ళు. చూపు మందగించింది. “ఇంకెప్పుడురా?” అని నన్ను ఎవరూ అడగలేదు, ఎవరికీ తెలియదు కనక. కానీ కోనేటి పక్కగా పోయినప్పుడల్లా నన్నెవరో అడుగుతున్నట్టే ఉండేది.

అప్పటికి మన దేశంలో రాజధాని ఎక్స్‌ప్రెస్‌లు వచ్చాయి. మొదటి రాజధాని 1969లో ఢిల్లీ, హౌరాల మధ్య నడిచింది. సుమారు 1,450 కిలోమీటర్ల దూరాన్ని అది పదిహేడు గంటల చిల్లరలో దాటింది. గంటకు 120 కిలోమీటర్ల వేగం ఆ రోజుల్లో గొప్ప విశేషం. 1990 తరువాత దక్షిణాదికి కూడా రాజధానులు వచ్చాయి. పాత రాజుల పెట్టెల తీరులో అలంకరించిన “ప్యాలెస్ ఆన్ వీల్స్” అనే రైలు కూడా 1982 నుంచి రాజస్థాన్‌లో నడుస్తున్నది గాని, అది విదేశీ యాత్రికులకూ, బాగా డబ్బున్నవాళ్ళకూ. బడిపంతులుకు రాజధానే రాజభోగం. మద్రాసు నుంచి ఢిల్లీకి రెండు టికెట్లు కొన్నాను.

ఇంట్లో చెప్పగానే అవ్వ, “ఈ వయసులో ఆయనకెందుకురా రైలు? చాలినన్ని చూసినాడు,” అన్నది. తాత మాత్రం ఏమీ అనలేదు. లోపలికి పోయి ఇనప పెట్టె తెరిచి, అలారం గడియారం తీసి సంచిలో పెట్టుకున్నాడు. అవ్వ గొణుగుతూనే పులిహోరా, వేరుశనగ ఉండలూ కట్టి ఇచ్చింది. బస్సులో కాట్పాడికీ, అక్కడి నుంచి రైల్లో మద్రాసుకూ చేరాం.

రాజధాని పెట్టెలో అడుగు పెట్టగానే తాత గుమ్మంలోనే ఆగిపోయాడు. బయట ఒళ్ళు కాలే ఎండ. లోపల మార్గశిర మాసపు చలి. “ఐసు ఎక్కడ పెట్టినారు?” అని నన్ను అడిగాడు.

ఐసు లేదు. ఇంజెక్షను చేసేముందు డాక్టరు స్పిరిటు పూస్తే చెయ్యి చల్లగా అవుతుంది కదా! స్పిరిటు ఆవిరి కావటానికి కావలసిన వేడిని మన ఒంటి నుంచి తీసుకుంటుంది. ఏసీ యంత్రంలో జరిగేదీ అదే. గొట్టాల్లో ఒక ద్రవం ఆవిరి అవుతూ పెట్టెలోని గాలి నుంచి వేడిని లాక్కుంటుంది. ఆ ఆవిరిని నొక్కి, పెట్టె బయటి గాలికి చల్లార్చి, మళ్ళీ ద్రవంగా మారుస్తారు. అది మళ్ళీ లోపలికి వస్తుంది. ఐసు ఒకసారి కరిగితే అయిపోయింది. ఈ ద్రవం అరిగేదీ కాదు, కరిగేదీ కాదు. కాని యంత్రాన్ని నడపటానికి చాలా కరెంటు కావాలి. మామూలు పెట్టెల్లో చక్రాల ఇరుసుకు బెల్టు తగిలించి డైనమోను తిప్పేవారు. ఏసీ రైలు మొత్తానికి అది చాలదు. అందుచేత రాజధానికి ముందొకటి, వెనకొకటి జనరేటరు పెట్టెలు తగిలించి, వాటినుంచి బండి అంతటికీ కరెంటు ఇచ్చేవారు. ఇప్పుడు చాలా రైళ్ళలో ఆ రొద లేదు. ఇంజను పైతీగ నుంచి తీసుకున్న కరెంటునే పెట్టెలకూ పంచుతున్నారు.

బండి కదిలింది. టీ వచ్చింది. ఫలహారం వచ్చింది. తరువాత పుల్లల్లాంటి రొట్టెముక్కలతో సూపు వచ్చింది. భోజనం, ఆపైన ఐస్‌క్రీము వచ్చాయి. ఇవన్నీ టికెట్టులో చేరినవే. తాత ప్రతిదాన్నీ రెండు చేతులతో అందుకుని, తెచ్చినవాడి మొహంలోకి చూసి, “మంచిది నాయనా,” అన్నాడు. ఐస్‌క్రీము తిని, పులిహోర పొట్లం విప్పాడు. ఎంత రాజభోగమయినా అవ్వ చేతి పులిహోర వదిలేది లేదన్నాడు.

ఒక్క సంగతి ఆయనకు నచ్చలేదు. కిటికీ అద్దం తెరుచుకోదు. పెన్న దాటుతున్నప్పుడు అద్దానికి చెవి ఆనించి విన్నాడు. “వంతెన గొంతు పట్టేసినట్టుందిరా!” అన్నాడు. కృష్ణ మీద కూడా అంతే. స్టేషనులో జామపండ్లవాడు అద్దం అవతల నిలబడి పెదవులు కదిలిస్తున్నాడు. కేక మాత్రం వినబడదు. “ఇందులో సుఖం ఉంది. ఊళ్ళు లేవు,” అన్నాడు తాత. నాకు మనసులో కాస్త ముల్లు గుచ్చుకున్నట్టయింది. ఇరవై ఏళ్ళు కాచుకుని తెచ్చిన సుఖం ఆయనకు రుచించలేదేమోనని భయపడ్డాను.

రాత్రి అయింది. ఇరవై రెండు, ఇరవై మూడేళ్ళ అటెండెంటు ఒకడు దుప్పట్లూ, దిండ్లూ, కంబళ్ళూ మోసుకుని వచ్చాడు. అరక్కోణం కుర్రవాడట. అందరూ అతన్ని “ఏయ్” అనీ, “ఇదిగో” అనీ పిలుస్తున్నారు. తాత లేచి నిలబడి, “ఇట్లా ఇయ్యి నాయనా, నేను పరుస్తాను,” అని అరవంలో అన్నాడు. ఆ కుర్రవాడు కంగారుపడి, “వద్దు పెద్దాయనా, అది నా పని,” అన్నాడు.

“నాదీ అదే పని. ముప్పై ఎనిమిదేళ్ళు చేసినాను,” అన్నాడు తాత.

ఆ మాటతో ఆ కుర్రవాడి మొహం మారింది. తాత దుప్పటిని గోడవైపు ముందుగా దోపి, తరువాత ఇవతలి అంచు మడిచాడు. “బండి కుదిపితే దుప్పటి జారేది ఇవతలికి. అందుకే గోడవైపు గట్టిగా దోపాల,” అన్నాడు. చేతులు వణుకుతున్నాయి గాని మడత గీత గీసినట్టుంది. కుర్రవాడు తక్కిన దుప్పట్లను కింద పెట్టి, శ్రద్ధగా చూశాడు.

“నీ పేరేమి?” అని తాత అడిగాడు. కుర్రవాడు చెప్పాడు. ఆ తరువాత ఢిల్లీ చేరేదాకా తాత అతన్ని ఆ పేరుతోనే పిలిచాడు. కాసేపటికి మా చుట్టుపక్కల ఉన్న నలుగురూ కూడా పేరుతోనే పిలవసాగారు. ఎవరూ చెప్పకుండానే!

తాత పడుకున్నాడు. గడియారాన్ని తలాపున పెట్టుకున్నాడు. నేను మాత్రం మేలుకునే ఉన్నాను. నర్మద వచ్చినప్పుడు లేపితే ఆయన సంతోషిస్తాడని నా ఆలోచన. ఆయన గురక మొదలయింది. నాగపూరు వచ్చింది. గురక ఆగలేదు. సాత్పురా కొండలు దాటాం. చీకట్లో ఇనప కమ్మీలు వరసగా వెనక్కి పోతుంటే నర్మద అని తెలుసుకున్నాను. లేపటానికి చెయ్యి చాచాను. కాని ఆయన నిద్రపోతున్న తీరు చూసి చెయ్యి వెనక్కి తీసుకున్నాను. మూడువేల ఆరువందల నలభై ఎనిమిది రాత్రుల నిద్ర బాకీ ఉన్న మనిషిని వంతెన కోసం లేపటం న్యాయం కాదనిపించింది.

తెల్లవారినాక తాత కళ్ళు తెరిచి, “నర్మద పోయిందా?” అని అడిగాడు.

“పోయింది తాతా. లేపలేదు,” అన్నాను భయపడుతూ.

“మంచి పని చేసినావు. ఒక్కసారైనా నేను లేకుండా పోనీ!” అని తాత ఫక్కున నవ్వాడు. నా మనసులోని ముల్లు ఊడిపోయింది.

చంబల్ నదీ, ఆగ్రా దాటి ఢిల్లీ చేరాం. అటెండెంటు దుప్పట్లు తీసుకోవటానికి వచ్చేసరికి తాత తన పడకను నాలుగు మూలలూ కలిసేట్టు మడిచి పెట్టి ఉన్నాడు. కుర్రవాడు ఆ మడతను విప్పి, మళ్ళీ మడిచి, విప్పి, మళ్ళీ మడిచాడు. మూడోసారికి సరిగ్గా వచ్చింది. తాత తల ఊపాడు. బండి దిగేముందు ఇనప పెట్టెనాటి ఆ అలారం గడియారాన్ని ఆ కుర్రవాడి చేతిలో పెట్టాడు. “నాకింక దీంతో పని లేదు. ఇది ఎన్నడూ మోసం చెయ్యలేదు,” అన్నాడు.

తాత ఆ తరువాత మూడేళ్ళు బతికాడు. ఊళ్ళో ఎవరు కనబడినా, “మావాడు నన్ను పండుకోబెట్టి ఢిల్లీకి తీసుకుపోయినాడు,” అని చెప్పేవాడు. కోనేటిలో నేను చేసిన ప్రమాణం సంగతి ఆయనకు ఎన్నడూ చెప్పలేదు. చెప్పవలసిన అవసరం కనబడలేదు.

ఇప్పుడు మన వైపు కూడా కొత్త రైళ్ళు వచ్చాయి. చెన్నై నుంచి మైసూరుకు పోయే వందే భారత్ రైలు 2022 నవంబరులో మొదలయింది. అది మా కాట్పాడిలో ఆగుతుంది. సికింద్రాబాదు, తిరుపతిల మధ్య ఇంకొకటి 2023 ఏప్రిల్ 8న మొదలయింది. ఈ రైలుకు విడిగా ఇంజను లేదు. దాన్ని తిప్పే మోటార్లు పెట్టెల కిందనే అమర్చి ఉంటాయి. ఆ రైళ్ళను మొదట తయారుచేసింది చెన్నైలోని పెరంబూరు కర్మాగారంలో. మా మనవరాలితో కలిసి తిరుపతిలో ఆ రైలెక్కాను. తలుపులు వాటంతటవే మూసుకుంటే ఆ పిల్ల చప్పట్లు కొట్టింది. ఫలహారం తెచ్చిన ఆయన్ను, “అంకుల్, మీ పేరేమి?” అని అడిగింది. నేను నేర్పలేదు. వాళ్ళమ్మ నేర్పి ఉంటుంది. వాళ్ళమ్మకు నేను నేర్పాను. నాకు ఎవరు నేర్పారో మీకు తెలుసు.

పిల్లలూ! మీరు ఈసారి రైలెక్కినప్పుడు కిటికీ పక్కన కూచోండి. వంతెనలు లెక్కపెట్టండి. మీకు దుప్పటి ఇచ్చే మనిషి వస్తే ఆయన పేరు అడగండి.

నేను పైన చెప్పినదంతా నిజమేనా అని మీలో ఎవరికైనా అనుమానం రావచ్చు. అటువంటివాళ్ళు కాణిపాకం రండి. కోనేటిలో మూడో మెట్టు దాకా కాదు, నిండా మునిగి చెబుతాను.